మరక పడని గుడ్డ

వినోదకు వాసనలు తెలియడం మానేసి చాలా కాలమైంది. ఎప్పటి నుంచి అంటే ఆమే సరిగా చెప్పలేదు. ఒకనాడు పొయ్యి మీద పప్పు మాడి నల్లబడి, పక్కింటివాళ్లు తలుపు తట్టి చెప్పేదాకా ఆమె ఆ గిన్నె ఎదురుగానే కూర్చుని ఉల్లిగడ్డలు కోసుకుంటూ ఉంది. అప్పుడు తెలిసింది. తెలిసినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలి పడతారు. జాలి వినోద ఒంటికి పడదు.

సూరత్‌లో ఆమె చేసే పని చీరల మీద మరకలు తీయడం. సాంచా అనే మరమగ్గం మీద నేస్తున్నప్పుడు ఎక్కడో ఒక చోట యంత్రం నూనె చుక్క బట్ట మీద పడుతుంది. ఆ నల్ల చుక్కతో చీర రింగ్ రోడ్ మార్కెట్‌కు వెళితే షావుకారు దాన్ని ఎడమచేత్తో పక్కకు తోసేస్తాడు. అందుకని సాంచాల యజమానులు మరకలు పడ్డ చీరలను మూటలు కట్టి, తెలుగువాళ్లుండే భేస్తాన్‌లోని ఇళ్లకు పంపిస్తారు. వినోద కిటికీ పక్కన కూర్చుని, మూతకు సన్నని చిల్లు పొడిచిన సీసాలోంచి పెట్రోల్ చిలకరించి, మెత్తటి గుడ్డతో ఆ చుక్కను మాయం చేస్తుంది.

చూడడానికి సులువుగానే ఉంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది. పెట్రోల్‌ను మరక మీద పోసి అలాగే వదిలేస్తే, అది ఆరిపోతూ చుట్టూ ఉన్న దుమ్మును అంచుకు నెట్టి, గుండ్రటి గీత ఒకటి మిగిల్చిపోతుంది. మరక పోయి గీత వచ్చిందంటే చీర ఇంకా పాడైనట్టే. అందుకే బయటి నుంచి లోపలికి తుడుస్తూ రావాలి, తడి పూర్తిగా ఆరేదాకా చెయ్యి ఆపకూడదు. వినోద తీసిన మరక చోటును వెతికి పట్టుకున్నవాడు ఇంతవరకు లేడు.

ఆమెకు ఒక్క నిప్పంటేనే భయం. సీసా బయటికి తీసిన పూట ఇంట్లో పొయ్యి ముట్టదు, దేవుడి దగ్గర దీపం కూడా పెట్టదు. అదే సందులో వెంకటవ్వ ఒకసారి చీరలు ఆరకముందే తొందరపడి అగ్గిపుల్ల గీసింది. ప్రాణం దక్కింది గానీ ఆమె కుడిచేతి వేళ్లు ఇప్పటికీ విచ్చుకోవు. ఆ చేతిని చూసినప్పుడల్లా వినోద తన చేతులను కొంగులో దాచుకుంటుంది.

వినోద భర్త పరుశురాం ఒకప్పుడు సాంచాల మేస్త్రీ. చెడిపోయిన సాంచాను చప్పుడు విని బాగుచేసేవాడని పేరు. నడుము నొప్పి ముదిరి వంగలేని స్థితి వచ్చాక, ఎవరో వాడి వాడి వదిలేసిన ఒక తెల్ల వ్యాన్ కొన్నాడు. పొద్దున పిల్లలను బడికి దింపుతాడు, పగలు చీరల మూటలు మోస్తాడు. వ్యాన్ పాతదే అయినా దాని మీద ఒక్క మాట పడనివ్వడు. ఊళ్లో మనిషికి పెద్దకొడుకు ఎంతో, పరుశురాంకు ఆ వ్యాన్ అంత.

ఆ ఏడాది వానలు తగ్గాక వ్యాన్‌లో పెట్రోల్ వాసన మొదలైంది. బడిపిల్లలను ఎక్కించేటప్పుడు ఒక గుజరాతీ తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ గంధ్ శేనీ ఛే, భాయ్?" అని నిలదీసింది. ఏం వాసనో పరుశురాంకూ తెలియదు. ఆ రోజే ట్యాంకు మూత రబ్బరు మార్చాడు. ముందు సీటు ఎత్తి ఇంజన్ చుట్టూ ఉన్న పైపులన్నీ వేళ్లతో తడిమాడు. ఎక్కడా తడి లేదు. అన్నీ చూశాక సీటు దించి, ఇంట్లోకి వచ్చి, చీరల మధ్య కూర్చున్న పెళ్లాం వైపు చూశాడు.

"వాసన బండిది గాదు. నీ మూటలది," అన్నాడు.

కాదనడానికి వినోద దగ్గర ముక్కు లేదు. నమ్మింది. మర్నాటి నుంచి మూటలను ఆటోలో పంపించింది. ఆదివారం పూట సీటు కవర్లన్నీ విప్పి సోడా, నిమ్మకాయ పెట్టి ఉతికింది. అయినా వాసన పోలేదు. అప్పుడు పరుశురాం మాట మార్చాడు. "మూటలది గూడ గాదు. నీ ఒంటికే పట్టింది. నువ్వు కూసున్న సీటుకు పట్టింది."

ఆ మాట ఎంత లోతుకు దిగిందో అతనికి తెలియదు. ఆమె కుంకుడుకాయతో తల రుద్దుకుంది, పసుపు పూసుకుంది, మధ్యాహ్నం పని కాగానే మళ్లీ నీళ్లు పోసుకుంది. పోయిందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. కూతురు సంధ్యారాణి కాలేజీ నుంచి వచ్చి గడప దగ్గరే నిలబడి, "మమ్మీ, ఖిడ్కీ తెరువు యార్," అంటే చాలు, ఆమె లేచి ఇంట్లో ఇంకో మూలకు జరిగేది. వ్యాన్ ఎక్కడం మానేసింది. పేరంటాలకు ఆటోలో వెళ్లేది. జనంలో నిలబడితే ఎవరైనా ముక్కు రుద్దుకున్నారా అని చూసుకునేది. ముక్కు రుద్దుకోవడానికి మనుషులకు లక్ష కారణాలుంటాయి. వినోదకు మాత్రం అన్నీ తన కారణాలే అనిపించేవి.

సద్దుల బతుకమ్మ వచ్చింది. పక్కనే ఉన్న పాండేసరలోని మైదానం మూలన తెలుగు సంఘం వాళ్లు నీళ్ల గుంట తవ్వించారు. భేస్తాన్ ఆడవాళ్లందరూ సాయంత్రం అక్కడికే పోయి ఆడి, బతుకమ్మలను నీళ్లలో వదులుతారు. నడవలేని ముసలివాళ్లనూ చిన్నపిల్లలనూ బతుకమ్మలనూ తీసుకుపోయే పని పరుశురాంది. ముందురోజు అతనికి కూడా మనసులో ఎక్కడో గుబులు పుట్టినట్టుంది.

"ముసలోళ్లు, పోరగాండ్లు ఎక్కుతరు. ఒక్కపారి సూస్త," అని, సాంచాల కాలం నాటి పద్ధతి తీశాడు. ఏ సాంచా నూనె కారుస్తున్నదో తెలియనప్పుడు రాత్రి దాని కింద తెల్లగుడ్డ పరిచి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి, సరిగ్గా దాని పైన ఉన్న చోటు బిగించేవాడు. ఆ పద్ధతి అతన్ని ఎన్నడూ మోసం చేయలేదు. ఇప్పుడు వ్యాన్ కింద, ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా పొడుగాటి తెల్లగుడ్డ పరిచాడు.

పొద్దున దాన్ని తీసుకొచ్చి గుమ్మంలో నిలబడి చూపించాడు. వినోద, సంధ్యారాణి పువ్వుల మధ్య ఉన్నారు. ఊరి నుంచి రైల్లో వచ్చిన తంగేడు వాడిపోకుండా నీళ్లు చల్లుతున్నారు. "సూడుండ్రి. ఇంజన్ కాడ పిడికెడంత ఆయిల్ మరక. పాత బండికి గది ఉండేదే. ఇగ వెనకంత తెల్లగుంది. పెట్రోల్ కారుతలేదు," అన్నాడు. గుడ్డను తీగ మీద పడేసి, ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించుకురావడానికి వెళ్లాడు. వినోద తల ఎత్తకుండా పువ్వులు పేర్చింది. అంటే వాసన తనదేనని ఈసారి రుజువు కూడా అయిపోయిందనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురు చూడకుండా మోచేత్తో తుడుచుకుంది.

సాయంత్రం వ్యాన్ సందులో ఆగింది. సందుకంతటికీ పెద్దదిక్కైన లింగవ్వ ముందు ఎక్కింది. ఆమె వెనక ఇద్దరు ముసలమ్మలు, వాళ్ల ఒళ్లో పిల్లలు. బతుకమ్మను చూసుకోవడానికి సంధ్యారాణి మధ్య సీట్లో కూర్చుంది. పెద్ద బతుకమ్మ మీద పసుపు గౌరమ్మ, పక్కన ప్రమిదలో దీపం, చుట్టూ అగరుబత్తులు.

"అద్దాలు ఎక్కియ్యుండ్రి. గాలికి దీపం ఆరిపోతది," అన్నాడు పరుశురాం. అద్దాలన్నీ పైకి లేచాయి.

లింగవ్వ ముఖం చిట్లించి ముక్కు మూసుకుంది. "అబ్బా, ఇయ్యాల్ల మరీ ఎక్కువుందేందిరా? ఆమె ఎక్కకున్న ఆమె వాసన ఎక్కుతది గదా," అంది. అందులో పెద్ద దురుద్దేశమేమీ లేదు. ముసలావిడ నోటికి వచ్చింది అనేస్తుంది. గుమ్మంలో నిలబడ్డ వినోద విన్నది. వ్యాన్ కదిలింది.

ఆమె తరువాత నడిచి వస్తానని ముందే చెప్పింది. సత్తుపిండి, మలీదముద్దలు పెట్టిన గిన్నెను మూట కట్టుకుని బయలుదేరాలి. మూట కట్టడానికి తీగ మీదున్న తెల్లగుడ్డ లాగింది. నూనె మరక ఉన్న కొసను పక్కకు మడిచి, మిగతా గుడ్డను వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టింది. ఏ గుడ్డనైనా అలా ఎత్తి చూడడం ఆమె చేతులకు అలవాటు.

గుడ్డ మధ్యలో, కొంచెం వెనకగా, గుండ్రటి గీత ఉంది.

పళ్లెమంత గుండ్రం. రాత్రంతా నేల మీద ఉన్నందుకు గుడ్డంతా దుమ్ము పట్టి మసక తెలుపైంది. ఆ గీత లోపల మాత్రం అప్పుడే ఉతికినంత తెల్లగా ఉంది. అంచున సన్నగా మురికి గీత. ఇది ఆమె రోజూ పోట్లాడే గీత. మొదట తనే ఎప్పుడైనా పొరపాటున సీసా ఒలకబోసిందేమో అనుకుంది. లేదు. పండుగ పనుల్లో సీసా ముట్టలేదు. ఈ గుడ్డనూ ముట్టలేదు. మరి దీని మీద పెట్రోల్ ఎవరు పోశారు?

నూనె కారితే మరక పడుతుంది. పెట్రోల్ కారితే ఉన్న మరక పోతుంది. సాంచాల మేస్త్రీ మరక కోసం చూశాడు, అది లేదని సంతోషపడ్డాడు.

'ఆమె ఎక్కకున్న ఆమె వాసన ఎక్కుతది.' ఎక్కకుండా వాసన ఎలా ఎక్కుతుంది? ట్యాంకు నిండుగా ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి. లోపల దీపం వెలుగుతున్నది.

భర్తకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తడు, అదొక గొప్ప అతనికి. సంధ్యారాణికి చేసింది. లోపల ముసలమ్మలు పాట ఎత్తుకుని ఉంటారు, చప్పట్లలో ఎవరికి వినిపిస్తుంది? గుడ్డను భుజాన వేసుకుని, గిన్నెను అక్కడే వదిలేసి పరుగెత్తింది.

పాండేసర మిల్లులలో షిఫ్టు వదిలే సమయం. పెద్దరోడ్డు మీద సైకిళ్లు, టెంపోలు, నడిచేవాళ్లు కలిసి బండి కదలనివ్వరు. వినోద సాంచాల షెడ్ల వెనక సందులో పడింది. రెండు పక్కలా సాంచాల మోత. ఆ మోతలో ఆమె తన అరుపు తనకే వినబడకుండా "అవ్వా, గౌరమ్మా, జర ఆపు తల్లీ, జర ఆపు," అంటూ పరుగెత్తింది. చెప్పు తెగితే రెండోదాన్ని కూడా వదిలేసింది. సందు దాటి రోడ్డు మీద పడేసరికి కొంచెం ముందుగా, ఒక టెంపో వెనక ఇరుక్కుని, తెల్ల వ్యాన్ కనబడింది. మూసిన అద్దాల వెనక చిన్న పసుపు వెలుగు.

పక్కనే సైకిల్ మీద ఒక మిల్లు మనిషి ఒంటికాలు నేలకు ఆనించి నోట్లో బీడీతో నిలబడ్డాడు. వినోద ఆ బీడీని లాగి దూరంగా విసిరేసింది. అతను నోరు తెరిచేలోపే వ్యాన్ తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"బంద్ చెయ్యి! బండి బంద్ చెయ్యి!"

పరుశురాం అద్దం దించాడు. "ఏందే? ఏమైంది?"

"బంద్ చెయ్యయ్యా, నీ కాళ్లు మొక్కుత!"

ఆమె గొంతు విని అతని చెయ్యి దానంతటదే తాళం తిప్పింది. వినోద పక్క తలుపును బలంగా లాగింది. పాట ఆగిపోయింది. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. నేరుగా ప్రమిద మీదికి వంగి, వెలుగుతున్న ఒత్తిని వేళ్లతో నలిపేసింది. చేయి చుర్రుమంది. అగరుబత్తులు గుప్పిట్లో పట్టి పీకి, గౌరమ్మ ముందున్న చెంబు నీళ్లలో ముంచింది. తరువాతే పిల్లలను రెక్క పట్టి కిందికి దించడం మొదలుపెట్టింది.

"దీపం మలిపినవా!" లింగవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సద్దుల పూట గౌరమ్మ ముంగట దీపం మలిపినవా! నీకేం పోయేకాలమే?"

"తిట్టుదువు గాని అత్తా, ముందుగాల దిగు. దిగు! సంధ్యా, పోరగాండ్లను అవతలి గోడ కాడికి తీస్కపో. ఉరుకు!"

సంధ్యారాణి తల్లిని ఎప్పుడూ ఇలా చూడలేదు. మారుమాట లేకుండా పిల్లలను లాక్కుపోయింది. ముసలమ్మలు ఒకరినొకరు పట్టుకుని దిగారు. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. పరుశురాం దిగి వచ్చాడు. నలుగురి ముందు పరువు పోయిందని ముఖం ఎర్రబడింది.

"పిచ్చి లేసిందా నీకు? రాత్రంత గుడ్డ పరిచి సూసిన గద! నీ వాసనకు మల్ల నా బండిని అంటవా?"

వినోదకు ఊపిరి అందడం లేదు. భుజం మీది గుడ్డ తీసి అతని ముందు పరిచి పట్టింది.

"ఇది నువ్వు పరిచిన గుడ్డనే గదా?"

"అవ్. మరక యాడుంది? సూపియ్యి."

"పెట్రోల్‌కు మరక యాడ పడ్తదయ్యా? మరకలు కడిగేదే అది. ఇగో, గీ గుండ్రం సూడు. లోపటంత ఎంత తెల్లగుందో సూడు. నేను ఈ గుడ్డను ముట్టలే, సీస పట్టలే. మరి దీన్ని కడిగిందెవరు?"

పరుశురాం గుడ్డ వైపు చూశాడు. ముందు నూనె మరక. దాని నుంచి వెనక్కి, గుండ్రం దాకా, కళ్లతో దూరం కొలిచాడు. అది అతనికి చేతనైన పనే. ఆ గుండ్రం పైన వ్యాన్‌లో ఏముంటుందో అతనికి తెలుసు. ముఖంలో ఎరుపు దిగిపోయింది.

నడుము నొప్పి మరిచిపోయి రోడ్డు మీద పడుకుని బండి కిందికి జరిగాడు.

"కంటికి కానరాదు. చేత్తోని ముట్టి సూడు. సల్లగ తగుల్తది," అంది వినోద పైనుంచి.

కొద్దిసేపు అతని కాళ్లు మాత్రమే కనబడ్డాయి. తరువాత ఆ కాళ్లు కూడా కదలడం మానేశాయి. బయటికి వచ్చి అక్కడే, రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. చేతులు మోచేతుల దాకా తడిగా మెరుస్తున్నాయి. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే రబ్బరు పైపు, క్లిప్పు కింద చీలింది. చుక్క చుక్కగా కారుతోంది. చుక్క జారి పడే చోటికి జానెడు దూరంలో, కాలుతున్న సైలెన్సర్ గొట్టం. నిండు ట్యాంకు బరువుకు ఈ రోజు చీలిక ఇంకా తెరుచుకుంది.

"రోజు పొద్దుగాల బడిపిల్లలు గూడ..." అన్నాడు. గోడ దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాడు. వినోద అతన్ని చూసింది. జాలి వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది, ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. ఎన్నిసార్లు తల రుద్దుకుంది! ఎన్ని మూలలకు జరిగింది! చేతిలోని గుడ్డను గట్టిగా మడిచి చంకలో పెట్టుకుంది.

బీడీ పోగొట్టుకున్న మిల్లు మనిషే ముందు చెయ్యి వేశాడు. నలుగురు కలిసి వ్యాన్‌ను తోసి, దుకాణాలకు దూరంగా, ఖాళీ జాగాలో నిలబెట్టారు. కారే చోట మట్టి పోశారు. పరుశురాం బ్యాటరీ తీగ విప్పేసి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒకతన్ని కాపలా పెట్టాడు. పెద్ద బతుకమ్మను సంధ్యారాణి తలకెత్తుకుంది. ముసలివాళ్ల కోసం ఒక ఆటో దొరికింది. మిగతావాళ్లు నడిచారు.

మైదానానికి చేరేసరికి పొద్దు గుంకింది. బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టి ఆడవాళ్లు చుట్టూ చేరుతున్నారు. సంధ్యారాణి మోసుకొచ్చిన బతుకమ్మ దీపం ఒక్కటే ఆరిపోయి ఉంది. లింగవ్వ ప్రమిదలో కొత్త ఒత్తి వేసి అగ్గిపెట్టె తీసింది. తీసిన చెయ్యి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. పాత అలవాటు ప్రకారం తల వినోద వైపే తిరిగింది.

"వినోదా, జర అటు జరుగు బిడ్డా. నీ కాడ వాసనొస్తుంది. దీపం ముట్టియ్యాలె."

వినోద అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు ఆమె అడగకుండానే పడింది.

"దాన్ననకు, అత్తా."

పరుశురాం ఆడవాళ్ల వెనక నిలబడి ఉన్నాడు. మిగతావాళ్లతో నడిచి వచ్చాడు. చేతులు ఎంత కడుక్కున్నా పోలేదు, వాటిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకున్నాడు. ఆడవాళ్లందరూ అటు తిరిగారు.

"వాసన నాది. ఇయ్యాల్లనే గాదు. ఇన్నొద్దులు వచ్చిందంత నా బండిదే. దానిది గాకుండె. నేనే దాని మీదికి తోసిన," అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. అని, దీపానికి దూరంగా, మైదానం అవతలి గోడ దాకా ఒక్కడే నడిచి వెళ్లి అక్కడ నిలబడ్డాడు.

లింగవ్వ అగ్గిపెట్టెను వినోద చేతిలో పెట్టింది. "నువ్వే మలిపినవు గదా. నువ్వే ముట్టియ్యి," అంది. గొంతు మెత్తగా ఉంది.

వినోద అగ్గిపెట్టె పట్టుకుని తన చేతులను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. తలుపు లాగింది, ఏమేమో ముట్టుకుంది. ఈ చేతులతో అగ్గి గీయవచ్చా? వెంకటవ్వ చెయ్యి గుర్తుకొచ్చింది. చేతులు కూతురి వైపు చాచింది.

"నాకు వాసనలు తెల్వయి, సంధ్యా. శాన ఒద్దులైంది. ఎవ్వలకు జెప్పలే. నువ్వు సూసి చెప్పు బిడ్డా."

సంధ్యారాణి తల్లి ముఖంలోకి చూసింది. గడప దగ్గర నిలబడి తను అన్న మాటలన్నీ ఆ పిల్ల కళ్లలో తిరిగాయి. ఆ రెండు చేతులనూ పట్టుకుని తన ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. ఆమె కన్నీళ్లతో ఆ వేళ్లు తడిశాయి.

"పసుపు వాసన, మమ్మీ. తంగేడు పువ్వు వాసన. ఇంకేం లేదు," అంది. "ముట్టియ్యి."

వినోద అగ్గిపుల్ల గీసింది.